ఎమ్మారై గదిలో రోజూ పనిచేస్తే ఆరోగ్యం చెడుతుందా?

నెల్లూరు, ఒంగోలు స్కానింగ్ సెంటర్లలో రోజూ ఎమ్మారై దగ్గర పనిచేసేవాళ్లకు ఆ అయస్కాంతం వల్ల దీర్ఘకాలిక జబ్బులు వస్తాయని ఇప్పటివరకు రుజువు కాలేదు. కాసేపు తలతిరుగుడు, వికారం, ఒక్కోసారి నోట్లో లోహపు రుచి మాత్రం రావచ్చు.

చాలా ఎమ్మారై మెషిన్ల అయస్కాంతం బలం 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం), అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు. అంత బలమైన చోట గబుక్కున కదిలితే ఒంట్లో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, లోపలి చెవిలో సమతూకం చూసే భాగం తికమకపడుతుంది. ఉదాహరణకు, రోగి తల సరిచేయడానికి మెషిన్‌లోకి వంగిన టెక్నీషియన్ చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. నెమ్మదిగా లేస్తే చాలావరకు ఉండదు.

ఎమ్మారైని ఎక్స్‌రే లాంటి రేడియేషన్ అనుకుని టెన్షన్ పడతారు, అది కాదు. స్కాన్ అయిపోగానే అయస్కాంతం ఆగిపోతుందనుకోవడం అంతకన్నా ప్రమాదం. రాత్రి గదికి తాళం వేసినా దాని బలం తగ్గదు. ఇనుప ఆక్సిజన్ సిలిండర్‌ను విసురుగా లాగేస్తుంది. ఊడ్చడానికి వచ్చిన మనిషికి పేస్‌మేకర్ (గుండె సరిగా కొట్టుకునేలా ఒంట్లో అమర్చే పరికరం) ఉంటే ప్రాణం మీదికి రావచ్చు.