తెరవని కవరు

విదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేవి ఎక్కువగా వీసా, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా సంగతులే. అవన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేసే ముందు, కొందరు గొంతు తగ్గించి ఇంకో మాట అడుగుతారు. "చేయాల్సిన పని ఎదురుగానే ఉంది, మొదలుపెట్టలేకపోతున్నాను, రాత్రంతా దాని గురించే ఆలోచన, నాకు బద్ధకం పెరిగిపోయిందా?" అని.

బద్ధకం కాదండీ. బద్ధకమే అయితే రాత్రి హాయిగా నిద్ర పట్టాలి కదా.

నేను వచ్చిన మొదటి ఏడాది ఒక ఆఫీసు నుంచి కవరు వచ్చింది. వీసాలో ఏదో తేడా వచ్చిందనుకుని భయపడి తెరవలేదు. ముందు టేబుల్ మీద పెట్టాను, తర్వాత పేరు కనిపించకుండా బోర్లా తిప్పాను, ఆ తర్వాత దాని మీద పుస్తకాలు పెట్టాను. మూడు వారాలు అటు చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుండేది, ఉద్యోగం పోయినట్టు, పెట్టె సర్దుకుని వెనక్కి వెళ్లిపోతున్నట్టు ఊహలు. చివరికి చించి చూస్తే అడ్రస్ సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టి పంపమన్నారు, అంతే. గడువు నాలుగు రోజుల క్రితమే దాటిపోయింది, ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తేలిపోయింది.

పని వాయిదా వేయడానికి అసలు కారణం టైమ్ చూసుకోవడం రాకపోవడం కంటే, ఆ పని తలచుకుంటే కలిగే భయం, విసుగు లాంటి వాటి నుంచి తప్పించుకోవడమేనని ఫ్యూషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అనే మనస్తత్వవేత్తలు 2013లో రాశారు. పక్కన పెట్టగానే గుండె కాస్త తేలికవుతుంది చూడండి, చిక్కంతా అక్కడే. ఆ తేలికకి మనసు అలవాటు పడిపోతుంది, మర్నాటికి అదే పని ఇంకాస్త పెద్దదై కూర్చుంటుంది. పైగా మనవాళ్లు పక్కన ఉంటే "పద, నేనూ వస్తా" అనేవారు, ఇక్కడ కొత్త యాసతో ఫోన్‌లో మాట్లాడాల్సింది మనం ఒక్కళ్లమే.

ఆలోచించకూడదని ఒట్టు పెట్టుకుంటే ఆలోచన ఆగదు. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి అనుకోవద్దంటే వాళ్లకి మాటిమాటికీ అదే గుర్తొచ్చింది. అందుకే దిగులుకి రోజూ ఒక వేళ కేటాయించండి, సాయంత్రం ఒక అరగంట, పడుకునే ముందు మాత్రం వద్దు. రాత్రి ఏదైనా గుర్తొస్తే కాగితం మీద ఒక్క ముక్క రాసి రేపటి అరగంటకి వదిలేయండి. ఆ వేళకి కూర్చుని, నాకు నిజంగా తెలిసింది ఏది, నేను ఊహించుకుంటున్నది ఏది అని రెండు వరసల్లో, తెలుగులోనే రాయండి. నా కవరు విషయంలో తెలిసిన వరసలో ఉన్నది ఒకటే, కవరు వచ్చిందని.

పని మొదలుపెట్టడానికి 25 నిమిషాలు అలారం పెట్టుకునే పద్ధతి చాలామంది చెబుతారు, భయపడి ఉన్న మనిషికి అది కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. ఐదు నిమిషాలు చాలు. "రేపు లాప్‌టాప్ తెరవగానే ప్రొఫెసర్‌కి మెయిల్‌లో మొదటి వాక్యం రాస్తాను" అని ఎప్పుడు, ఏం చేస్తారో ఖాయం చేసుకోండి, "ఈ వారం రాస్తాను" అనుకుంటే అది జరగదు. ఫోన్ కాల్ అంటే భయమా, మొదట చెప్పాల్సిన రెండు వాక్యాలు రాసుకుని చూసి చదవండి, అర్థం కాకపోతే నెమ్మదిగా చెప్పమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పటికే ఆలస్యమైపోయిందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకి తక్కువ వాయిదా వేశారు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండె దడ వస్తున్నా, క్లాసుకో ఆఫీసుకో వెళ్లలేకపోతున్నా ఇవన్నీ పక్కన పెట్టి డాక్టర్ని కలవండి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి కౌన్సెలర్లు ఉంటారు. బతకాలని లేదు అనిపిస్తే మాత్రం ఆ క్షణమే మీరున్న దేశపు ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి, పక్క గదిలో ఉన్నవాళ్లని లేపండి.

మిగతా రోజుల్లో, ఒంటరిగా కవరు తెరవలేకపోతే నాకు వీడియో కాల్ చేయండి. నేను చూస్తూ కూర్చుంటాను, మీరు చించండి.