సమ్మర్ ఫెలోషిప్ అప్లికేషన్ ‘అసంపూర్ణం’ అని చూపిస్తుంటే

తమ్ముడూ, అన్నీ నింపినా మూడు సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ అప్లికేషన్ ‘అసంపూర్ణం’ అంటోందంటే, చాలావరకు మీ సార్ సిఫారసు లేఖ చేరలేదన్నమాట. అది ఆయనే పంపాలి.

1. ఫారంలో సార్ ఈమెయిల్‌ను అక్షరం అక్షరం సరిచూడు.

2. అందరూ వదిలేసేది ఇదే: ఫోన్ చేసి ఊరుకోవడం. భంజవిహార్ (బరంపురం యూనివర్సిటీ క్యాంపస్) వెళ్లి, సార్ పక్కనే కూర్చుని ఆయన మెయిల్ స్పామ్ ఫోల్డర్ తెరిపించు. లేఖ పంపే లింకు అక్కడే పడి ఉండొచ్చు. నీ మార్కుల జాబితా, ప్రాజెక్టు రాత ప్రింటు తీసి ఆయన చేతికివ్వు. లేఖ రాయడం తేలికవుతుంది.

3. పంపాక నీ లాగిన్‌లో మళ్లీ చూసుకో.

ఇంకోటి, మన బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) ఉంది. అక్కడ నచ్చిన ల్యాబ్ ప్రొఫెసర్‌కు వేసవిలో పనిచేసే అవకాశం అడుగుతూ నాలుగు వాక్యాల మెయిల్ కూడా ఈ వారమే పెట్టు.