పెన్నైన్ వే మీద ఒక్క రోజు: పాఠకుల సందేహాలు, మా జవాబులు

ప్ర: మాంచెస్టర్‌లో ఉంటున్న ఆరుగురు స్నేహితులం. అక్టోబరు రెండో వారంలో ఒక శనివారం పెన్నైన్ వే అనే దూరపు కాలినడక దారిలో మొదటి రోజు నడక, అంటే ఈడేల్ నుంచి క్రౌడెన్ దాకా పోదామనుకుంటున్నాం. ఇద్దరికి తప్ప కొండల అలవాటు లేదు. పూర్తి చేయగలమా?

జ: క్రౌడెన్ ఆలోచన ఈసారికి మానుకోండి. అది దాదాపు 26 కిలోమీటర్లు. కిండర్ స్కౌట్ అనే ఎత్తైన బీడు దాటాక ‘బ్లీక్‌లో’ అనే మరో ఎత్తైన బీడు ఉంటుంది. చివర్లో దిగే చోట రైలు స్టేషన్ లేదు. మొత్తం దారి ఈడేల్ నుంచి స్కాట్లండ్‌లోని కర్క్ యెథమ్ దాకా 268 మైళ్లు. 1965 నుంచీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.

ఈడేల్ నుంచి కిండర్ డౌన్‌ఫాల్ జలపాతం దాకా వెళ్లి అదే దారిన తిరిగి రండి. రానూపోనూ సుమారు 19 కిలోమీటర్లు. స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్తే ఓల్డ్ నాగ్స్ హెడ్ పబ్ దగ్గర దారి మొదలవుతుంది. పొలాల మీదుగా అప్పర్ బూత్, అక్కణ్ణించి లోయ చివర చిన్న రాతి వంతెన. వంతెన దాటితే జేకబ్స్ ల్యాడర్ మెట్లు. రోజు మొత్తంలో నిజంగా ఆయాసపడే చోటు ఇదొక్కటే. పైకెక్కాక ఉత్తరానికి తిరిగితే 633 మీటర్ల ఎత్తున ‘కిండర్ లో’ అనే చోటు వస్తుంది. తర్వాత కొండ అంచు పట్టుకుని జలపాతం దాకా నడవాలి.

ఇప్పుడు టైము లెక్క. 1892 నాటి నైస్మిత్ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. వెళ్లేటప్పుడు 9.5 కిలోమీటర్లు, దాదాపు 450 మీటర్ల ఎక్కుడు, అంటే రెండు గంటల నలభై నిమిషాలు. కానీ అది గట్టిగా నడిచేవాళ్ల లెక్క. మీది ఆరుగురి జట్టు, పైగా బురద, ఫొటోలు. మూడో వంతు కలుపుకోండి. తొమ్మిదిన్నరకు బయల్దేరితే ఒంటిగంటకు జలపాతం, అరగంట భోజనం, నాలుగున్నర లోపు స్టేషన్.

ఒకటిన్నరకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని రైల్లోనే ఒప్పుకోండి. పైకెక్కాక ‘ఇంకో పది నిమిషాలే కదా’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రెండో వారంలో ఆరు దాకా వెలుతురుంటుంది కాబట్టి గంటన్నర చేతిలో ఉంటుంది. ప్రయాణం నెలాఖరుకు జరిపితే జాగ్రత్త. చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాక ఐదు లోపే పొద్దు గూకుతుంది.

పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు డౌన్‌ఫాల్ నీళ్లు కిందికి పడవు, తుంపరలై వెనక్కి ఎగిరి మీ మొహానే కొడతాయి. కాబట్టి భోజనానికి అంచున కాకుండా కాస్త లోపలి రాళ్ల చాటున కూర్చోండి. పులిహోర బ్రహ్మాండం. పెరుగన్నం మాత్రం ఆ చలికి గొంతు దిగదు. మనిషికి లీటరున్నర నీళ్లు, ఫ్లాస్కులో టీ. వాగు నీళ్లు తాగొద్దు, పైన గొర్రెలు తిరుగుతాయి.

ప్ర: జీన్స్, రన్నింగ్ షూస్ సరిపోతాయా?

జ: జీన్స్ అసలు వద్దు. నూలుగుడ్డ తడిస్తే నీళ్లు పట్టుకుని వదలదు, ఆ తడి మీద గాలి తగిలి ఒంట్లో వేడి లాగేస్తుంది. పైన కింద కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ, గాలి అదనం. పాలియెస్టర్ ప్యాంటు, ఒంటికి ఉన్ని లేదా పాలియెస్టర్ బనియను, మీద ఫ్లీసు, అన్నిటి పైనా వాన చొక్కా, వాన ప్యాంటు. టోపీ, చేతి తొడుగులు, హెడ్‌టార్చ్ తప్పనిసరి.

అడుగున లోతైన గాడులున్న రన్నింగ్ షూస్ అయితే ఫరవాలేదు, నున్నగా అరిగినవి జారతాయి. కొత్త బూట్లు కొంటే రెండు వారాలు ఊళ్లో తొడిగి తిరగండి. మడమ చురుక్కుమనగానే ఆగి టేపు వేయాలి. బొబ్బ లేచాక వేసే టేపుతో పెద్ద ఉపయోగం లేదు. దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి, లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

ప్ర: పైన పొగమంచు కమ్మితే?

జ: కిండర్ మీద అసలు ప్రమాదం ఇదే. పైన శిఖరమంటూ కనబడదు. అంతా పీట్, అంటే సగం కుళ్లిన మొక్కల నల్లమట్టి. అందులో వాన కోసిన కాలవలు మనిషి లోతుంటాయి. ఒకదాంట్లో దిగి నాలుగు మలుపులు తిరిగి పైకొస్తే దిక్కు మారిపోతుంది. అందుకే మధ్యలోకి అడ్డదారి తొక్కొద్దు. వెళ్లేటప్పుడు అంచు మీ ఎడమన, వచ్చేటప్పుడు కుడిన ఉండాలి. ‘కిండర్ లో’ అనే ఆ చోటు చుట్టూ దారి చెదిరిపోయి ఉంటుంది, మంచులో పొరబడేది ఎక్కువగా అక్కడే. అక్కడ దిక్సూచి తీయండి. మెరిసే ఆకుపచ్చ నాచు మీద కాలు పెట్టకండి, కింద నీళ్లే. హెదర్ పొదలున్న చోట నేల కాస్త గట్టి.

బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఓఎల్1 కాగితం మ్యాపు కొనండి. ఫోన్లో మ్యాపు ముందే దింపుకుని, ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టి, దారి తెలిసినవారు ఒకరు వెనక రావాలి. ప్రతి గేటు దగ్గరా తలలు లెక్కపెట్టండి.

ఎవరైనా దెబ్బ తగిలి కదల్లేకపోతే 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. గ్రిడ్ నంబరు, అంటే మ్యాపు గళ్లను బట్టి మీరున్న చోటు తెలిపే అంకెలు, చెప్పాలి. సిగ్నల్ బొత్తిగా అందకపోతే ఈలతో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. మూడు ఈలలు వినబడితే మీకు జవాబొచ్చినట్టే. అప్పుడూ ఊదడం ఆపకండి, ఆ చప్పుడు పట్టుకునే వాళ్లు మీ దగ్గరికి రావాలి.