కోళ్ల టైఫాయిడ్ మనుమడికి అంటిందా?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది కల్వకుర్తి దగ్గర పల్లె. పెరట్ల ఇరవై దాకా నాటుకోళ్లు ఉండె. దసరా ముంగట ఒక్కొక్కటే తల వాల్చి, పచ్చగ పారుకుంట సగం సచ్చిపోయినయి. పశువుల దవాఖానల కోసి చూసి ‘కోడి టైఫాయిడ్’ అన్నరు. కొన్ని దినాలకే మా మనుమడికి జ్వరం. ల్యాబుల రక్తం చూసి ‘వైడాల్ పాజిటివ్, టైఫాయిడ్’ అని రాసిచ్చిన్రు. పిలగాడు ఇప్పుడు మంచిగనే ఉన్నడు. కోళ్ల నుంచే వచ్చిందని మా కోడలు మిగిలినవన్నీ అమ్మెయ్యమంటున్నది. గుడ్ల పైసలే నా చేతి ఖర్చు. నిజంగ కోళ్ల రోగమే పిలగానికి అంటిందా?
- ఒక నానమ్మ

జవాబు: లేదమ్మా. మీ కోళ్లను చంపిన క్రిమి వేరు, మనుషులకు టైఫాయిడ్ తెచ్చే క్రిమి వేరు. ముందు ఈ మాట మీ కోడలికి చదివి వినిపించండి. అయితే ఆమె భయంలో కొంత న్యాయం ఉంది, అదీ చెబుతాను.

రెండు క్రిములూ సాల్మొనెల్లాలే. ఆ పేరు కింద 2,500కు పైగా రకాలున్నాయి. కొన్ని ఏ కడుపు దొరికితే ఆ కడుపులో బతుకుతాయి. కొన్ని ఒక్క ప్రాణికే కట్టుబడి ఉంటాయి. మనిషి టైఫాయిడ్ తెచ్చే ‘టైఫీ’ మనిషిలో తప్ప ఇంకే జీవిలోనూ కాపురం పెట్టదు. మీ కోళ్లకు వచ్చింది ‘గాలినారం’. అది పక్షుల క్రిమి. దానివల్ల మనిషి జబ్బుపడడం చాలా అరుదు.

ఎందుకిలా అంటే జన్యువుల్లో చూడాలి. 2001లో టైఫీ జన్యుపటాన్ని మొత్తం చదివారు. దాదాపు 48 లక్షల అక్షరాలు. అందులో 200కు పైగా జన్యువులు పనిచేయకుండా పోయి ఉన్నాయి. మనిషి ఒంట్లోనే బతకడానికి అలవాటుపడ్డాక మిగతా ప్రాణుల్లో బతికే హంగులు దానికి అక్కరలేకపోయాయి. గాలినారం సంగతీ అంతే. అది ‘ఎంటరైటిడిస్’ అనే రకం వంశం నుంచి చీలి వచ్చి, కోడికే పరిమితమైపోయింది. సూక్ష్మదర్శిని కింద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఎంటరైటిడిస్ చురుగ్గా ఈదుతుంటుంది. గాలినారం ఉన్నచోటే ఉంటుంది, ఈదడానికి కావలసిన తోకలు దానికి లేవు.

ఇక ఆ వైడాల్ పరీక్ష. మన జిల్లాల్లో జ్వరమొస్తే చాలు రాసేస్తున్నారు, నాకది బాధ. వైడాల్ క్రిమిని చూడదు, క్రిమిపై పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తుంది. టైఫీ, గాలినారం, ఎంటరైటిడిస్ మూడింటి పై పొరలోనూ ఒకే రకం గుర్తు ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క చీటీని బట్టి ఫలానా క్రిమి అని తేల్చలేం. పాత జ్వరం తాలూకు యాంటీబాడీలు మిగిలి ఉన్నా పాజిటివ్ రావచ్చు. ఈసారి పిల్లాడికి జ్వరం వదలకపోతే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించమని డాక్టరును అడగండి. అందులో క్రిమి పెరిగితే దాని రకం తెలుస్తుంది, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది.

మీ కోడలి భయంలో న్యాయం ఉందన్నది ఎంటరైటిడిస్ విషయంలో. అది చచ్చిన కోడిలో కాదు, బతికి చక్కగా గుడ్లు పెట్టే కోడిలో ఉంటుంది. ఏ రోగలక్షణమూ కనిపించదు. అండాశయంలో చేరి, పెంకు కట్టకముందే గుడ్డు లోపలికి వెళ్లిపోతుంది. అలాంటి గుడ్డును పెంకు ఎంత కడిగినా లాభం లేదు. తిన్నవాళ్లకు వాంతులు, బేదులు, జ్వరం. పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది ఇలాంటి ప్రమాదాల వల్లే. పల్లెల్లో బలానికని పాలల్లో పచ్చిగుడ్డు కొట్టి తాగిస్తారు. మీ ఇంట్లో ఆ అలవాటుంటే మానెయ్యండి. సొన గట్టిపడేదాకా ఉడికించిన గుడ్డును పిల్లాడికి నిశ్చింతగా పెట్టండి.

మిగిలిన కోళ్లను మాత్రం అమ్మకండి. పిల్లాడి కోసం చెప్పడం లేదు, కొనుక్కునే వాళ్ల కోళ్ల కోసం చెబుతున్నాను. కోడి టైఫాయిడ్ వచ్చి బతికి బయటపడ్డ కోడి ఆ క్రిమిని లోపల దాచుకుని, గుడ్డు ద్వారా పిల్లలకు ఇస్తుంది. అంగట్లో అమ్మితే రోగం ఇంకో పెరట్లోకి పోతుంది. మీ పశువైద్యుడు ఒక పలక మీద రంగు కలిపిన పరీక్ష ద్రవంలో కోడి రక్తపు చుక్క కలిపి చూస్తారు. క్రిమి దాచుకున్న కోడిదైతే పాలు విరిగినట్టు రేణువులు తేలతాయి. అలా తేలినవాటిని తీసేసి, సున్నం వేసి లోతుగా పూడ్చండి. తేలనివాటికి కొన్నాళ్లాగి మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటిదాకా గుడ్లు పొదగేయవద్దు.

పిల్లాడికి వచ్చింది నిజంగా టైఫాయిడే అయితే అది మనిషి నుంచే వచ్చి ఉంటుంది. మురికి కాల్వ పక్కన పగిలిన నల్లా పైపు, బడి దగ్గరి ఐసు గోళా, జ్వరం తగ్గినా పిత్తాశయంలో క్రిమి మిగిలిపోయిన వంటమనిషి, ఇలాంటి దారులు వెతకండి. నీళ్లు కాచి తాగించండి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆరు నెలల పిల్లల నుంచి వేయవచ్చు. మీ మనుమడికి ఎప్పుడు వేయించాలో పిల్లల డాక్టరును అడగండి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది మేడం. రోజూ పొద్దున మొలకెత్తిన మెంతులు పచ్చివే తింటాను. మెంతి మొలకల వల్ల జర్మనీలో జనం చనిపోయారని మా అబ్బాయి అంటున్నాడు. మెంతుల్లోకి పేగు క్రిమి ఎలా వస్తుంది?
- మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. 2011 మే, జూన్ నెలల్లో ఉత్తర జర్మనీలో 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. 50 మందికి పైగా చనిపోయారు. చాలామందికి నెత్తుటి బేదులై, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మొదట స్పెయిన్ దోసకాయల మీద నింద పడింది, అక్కడి రైతులు అన్యాయంగా నష్టపోయారు. చివరికి ఆనవాళ్లు ఒక మొలకల తోటకు, అక్కడి నుంచి ఈజిప్టు మెంతులకు చేరాయి. ఆ మెంతులే వెళ్లిన ఫ్రాన్స్‌లోనూ అదే క్రిమితో కొందరికి జబ్బు చేసింది.

ఆ క్రిమి, పేగుల్లో ఉండే ‘ఈ.కోలి’ అనే బ్యాక్టీరియాలో ఒక రకం, పేరు ఓ104. దాని జన్యువులు చదివిన వాళ్లు ఆశ్చర్యపోయారు. శరీరం చూస్తే మనుషుల పేగులకు గట్టిగా అతుక్కునే రకం. అందులోని విషం మాత్రం సాధారణంగా పశువుల్లో ఉండే ఈ.కోలి రకాలది, షిగా టాక్సిన్. బ్యాక్టీరియాలకు సోకే వైరస్ ఒకటి ఆ విషపు జన్యువును మోసుకొచ్చి ఇందులో చేర్చింది. అతుక్కునే గుణమూ విషమూ ఒక్కచోట చేరాయి. పశువుల క్రిములు వేరు, మనుషుల క్రిములు వేరు అని పైన నానమ్మకు చెప్పాను. ఆ గోడకు ఇలాంటి కంతలున్నాయి. అందుకే ఎప్పటికప్పుడు పశువుల నుంచి, రోగుల నుంచి క్రిములను తీసి జన్యువులు పోల్చి చూడాలి.

పేడ తగిలిన నీళ్లో, మనిషి మలం కలిసిన నీళ్లో పారిన పొలం నుంచి గింజ మీదికి క్రిమి వస్తుంది. పొడిగా ఉన్నన్నాళ్లు కదలకుండా ఉండి, తడిగుడ్డలో కట్టి వెచ్చగా ఉంచగానే మొలకతోపాటే లక్షలుగా పెరుగుతుంది. మెంతులు మానక్కర్లేదు. మొలకలను పొగలొచ్చేదాకా ఆవిరి మీద ఉడికించి తినండి, లేదా వేయించి పొడి చేసుకోండి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర బ్రాయిలర్ షెడ్డు నడుపుతున్న. రోగం రాకుండా ముందుగాల్నే నీళ్లల్ల కొలిస్టిన్ కలపమని ఒకాయన అంటున్నడు. కలపొచ్చా మేడం?

జవాబు: కలపొద్దు తమ్ముడూ. 2019 జులై నుంచి మన దేశంలో కోళ్లకు, పశువులకు, చేపలకు కొలిస్టిన్ వాడకం నిషిద్ధం. వేరే మందులు పనిచేయని రోగులకు ఐసీయూలో చివరగా ఇచ్చే మందు అది. దానికి లొంగకుండా చేసే ‘ఎంసీఆర్-1’ జన్యువును 2015లో చైనాలో పందుల్లో, పచ్చి మాంసంలో, రోగుల్లో కనుగొన్నారు. అది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉండి, ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి చేరుతుంది. కోడిలోని ఈ.కోలి నుంచి మీ కడుపులోని దానికీ చేరగలదు. బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య షెడ్డు ఖాళీ చేసి, పాత ఊక తీసేసి, సున్నం వేసి ఆరబెట్టండి. తాగే నీళ్లకు క్లోరిన్ కలపండి. కోళ్లు చస్తుంటే ఒకదాన్ని పశువుల దవాఖానకు తీసుకెళ్లి కోసి చూపించి, వాళ్లు రాసిన మందే వాడండి.