ఉద్దానం వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నీ పీహెచ్‌డీ టాపిక్ ఖాయమైందని, వచ్చే నెల నుంచి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనే ఉండి కిడ్నీ జబ్బు మీద పనిచేస్తావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఊళ్ళు పట్టుకుని తిరిగే పని ఎంచుకున్నదానివి నువ్వే. అందుకు గుండె నిండిపోయింది. కానీ ముప్పై ఏళ్ళు ప్రజారోగ్య సర్వేల్లో తిరిగినదాన్ని, అక్కడ నీకు ఏమేం ఎదురవుతాయో ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలి టెన్షన్ కూడా అంతే పట్టుకుంది. ఉదయం లేచి కాఫీ కూడా తాగకుండా ఇది రాస్తున్నాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఎవరి గడపా తొక్కకు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదువురానివాళ్ళకి నువ్వే గట్టిగా చదివి వినిపించాలి. ఇవి నీకు తెలిసినవే.

బండి సంగతి మాత్రం నువ్వు వినవని నాకు తెలుసు, అందుకే గట్టిగా చెప్తున్నాను. పలాస నుంచి సోంపేట, కవిటి వైపు ఆ హైవే మీద చీకటి పడ్డాక స్కూటీ నడపకు. పని మిగిలిపోతే మిగిలిపోనీ, మర్నాడు చెయ్యొచ్చు. చున్నీ వేసుకుని బండెక్కకు. నాతో పనిచేసిన అమ్మాయి చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని పడిపోవడం నా కళ్ళతో చూశాను. మెడ మీద ఆ గీత ఇప్పటికీ నాకు గుర్తుంది. "పెద్దమ్మకి అన్నీ భయాలే" అని మీ అమ్మతో చెప్పి నవ్వుకున్నా సరే, హెల్మెట్ పెట్టుకునే నవ్వుకో.

ఇక అసలు పని. జబ్బుకి కారణం నేనే కనిపెట్టేస్తానన్న ఉత్సాహంతో వెళ్ళకు తల్లీ. షుగరు లేనివాళ్ళకి, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళయినా తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచెయ్యడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలో అనురాధపుర వైపు వరి రైతులకీ ఇలాంటి జబ్బే. అక్కడ 2015లో గ్లైఫోసేట్ అనే కలుపుమందును దేశమంతా నిషేధించి, తర్వాత మూడేళ్ళకు ఆ నిషేధం సడలించారు, ఈలోగా జబ్బుకి కారణం అదేనని రుజువు మాత్రం కాలేదు. నికరాగ్వాలో చెరకు నరికే కూలీల విషయంలో ఎండ మీదే ఎక్కువ అనుమానం. అక్కడ కారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా నీళ్ళు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. తేలనిది తేలలేదనే రాయి, చెయ్యగలిగినది మాత్రం ఈలోపు చెయ్యి.

రక్తం ఉదయమే తియ్యి. తోటలో పొద్దంతా పనిచేసి ఒంట్లో నీళ్ళు తగ్గి వచ్చిన మనిషికి సాయంత్రం తీస్తే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎక్కువ చూపించొచ్చు. ముందు రోజు మాంసం తిన్నా అంతే. రాత్రి ఏం తిన్నారో అడిగి రాసుకో. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని జబ్బు ముద్ర వేసెయ్యకు, కనీసం మూడు నెలల తేడాతో మళ్ళీ చూడాలి. మీ గైడ్ ఇవన్నీ చెప్పే ఉంటారు.

ఆయన చెప్పరేమో అనిపించేది ఒకటుంది. ఇది ఇప్పటిదాకా మీ అమ్మకి కూడా చెప్పలేదు.

2011లో ఒక సర్వే కోసం ఉద్దానంలో ఒక పల్లెకి వెళ్ళాం. చుట్టూ కొబ్బరి, జీడిమామిడి, పనస. కింద నేల కనపడనంత పచ్చదనం, అంత అందమైన చోట ఇంత జబ్బేమిటా అనిపించేది. కొబ్బరి చెట్లెక్కే ఒకాయన, నలభై ఏళ్ళుంటాయేమో, అరుగు మీద కూర్చుని చెయ్యి చాపాడు. రక్తం తీశాక నెంబరు చీటీ ఇచ్చాను. 173. "ఎప్పుడు సెప్తారమ్మా?" అన్నాడు. పదిహేను రోజుల్లో అన్నాను. ఎందుకలా అన్నానో, అందరికీ అలాగే చెప్పేవాళ్ళం.

ఫలితాలు మూడు నెలలకి వచ్చాయి. 173 ఎదురుగా క్రియాటినిన్ 3.9 అని ఉంది. మామూలుగా 1.2 దాటకూడదు. ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి పైవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. విశ్లేషణ పూర్తయ్యాక అందరికీ కలిపి చెబుదాం, ఇప్పుడు వెళ్తే జీపు, డీజిలు ఎవరిస్తారు అన్నారు. నేను పట్టుబట్టలేదు బుజ్జీ. పేరు రాసుకున్న రిజిస్టరు నా బీరువాలోనే ఉంది. బస్సెక్కితే అదే రోజు వెళ్ళి చెప్పి రావచ్చు. కానీ రిపోర్టు గడువు దగ్గర పడింది, ఆ రిపోర్టు మీద నా ప్రమోషన్ ఉంది, ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండిపోయాను.

రెండో విడతకి వెళ్ళేసరికి ఏడాది దాటింది. ఆయన భార్య పెరట్లో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. జీడి అంటుకుని వేళ్ళ కొసలు నల్లగా, పొరలు పొరలుగా ఊడిపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. చేతులు బూడిదలో రుద్దుకుని లోపలికెళ్ళి చిన్న స్టీలు డబ్బా తెచ్చింది. అందులో రేషన్ కార్డు, ఒక ఫోటో, ఖాళీ అయిపోయిన నొప్పి మాత్రల అట్టలు, మడత పెట్టిన మా నెంబరు చీటీ. "వచ్చి సెప్తారని దాసినాడమ్మా. ఎవులూ ఏటీ సెప్పనేదు" అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

చెట్లెక్కి దిగాక నడుం నొప్పికి కొట్లో కొనుక్కుని రోజూ రెండేసి మాత్రలు వేసుకునేవాడట. కిడ్నీలు పాడైన మనిషికి ఆ మాత్రలు ఎంత చేటో నీకు చెప్పక్కర్లేదు. ఆయాసం వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. అప్పట్లో డయాలసిస్‌కి శ్రీకాకుళమో విశాఖపట్నమో పోవాలి, కొన్నాళ్ళు తిరిగారు, ఆ తర్వాత ఓపికా డబ్బూ రెండూ అయిపోయాయి. 3.9 దగ్గర నేను వెళ్ళి చెప్పి ఉంటే బతికేవాడని అనను. ఆ మాత్రలు ఆ రోజే మానేసేవాడు. ఇంకొన్నేళ్ళు దక్కేవేమో. మా పేపరు మాత్రం అచ్చయింది, అందులో ఆయన శాతాల లెక్కలో ఒక భాగం.

అందుకే చెప్తున్నాను, నీ బడ్జెట్‌లో తిరిగి వెళ్ళడానికయ్యే ఖర్చు మొదటే రాసుకో, మిగిలితే చూద్దాం అనుకోకు. ఎంత దాటితే వారంలోగా ఇంటికెళ్ళి చెప్పాలో ముందే కాగితం మీద పెట్టి గైడ్ చేత సంతకం పెట్టించు. గోప్యత కోసం పేర్లు వేరే ఉంచాలి, నిజమే, కానీ ఏ నెంబరు ఎవరిదో తెలిపే రిజిస్టరు తాళం వేసి జాగ్రత్తగా ఉంచు, అది పోతే ఆ మనిషిని చేరే దారే పోతుంది. అంకె చెప్పి వచ్చెయ్యకు. ఏ మాత్రలు మానాలో, ఎక్కడికెళ్ళాలో చెప్పు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి కదా, మా రోజుల్లో చూపించడానికి అలాంటి చోటు లేదు.

"ఎన్నిసార్లని రగతం ఇస్తాం?" అని నిన్ను ఎవరైనా కసురుకుంటే చిన్నబుచ్చుకోకు. అరుగు మీద కూర్చో. వాళ్ళు ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగు. వద్దన్నవాళ్ళ పేరు కొట్టేసి నవ్వుతూ లేచి రా, తర్వాత వాళ్ళే పిలుస్తారు, చాలాసార్లు చూశాను.

పైన అరలో నా పాత గుడ్డసంచి ఉంది, ఉతికి ఆరేశాను. శాంపిల్ డబ్బాకి సరిగ్గా సరిపోతుంది. వెళ్ళేముందు విశాఖలో దిగి తీసుకెళ్ళు, నీకిష్టమైన పులిహోర చేసి పెడతాను.

ఇంకొక్క మాట. ఆ స్టీలు డబ్బా ఇంటికి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఊరు, దారి నువ్వు వచ్చినప్పుడు చెప్తాను. వాళ్ళకి ఇద్దరు కొడుకులు, ఇప్పుడు ముప్పై దగ్గర పడి ఉంటారు, వాళ్ళూ చెట్లే ఎక్కుతున్నారేమో. వాళ్ళిద్దరికీ పరీక్ష చేయించు. నీ సర్వే జాబితాలో ఆ ఊరు లేకపోయినా సరే, ఖర్చు నేనిస్తాను. ఆవిడ ఉంటే, పెద్దమ్మ పంపిందని చెప్పు.

మీ పెద్దమ్మ