ప్రోకాల్సిటోనిన్ 3 వస్తే సెప్సిసేనా?

రాయగడలో జ్వరంతో చేర్చిన మీ నాన్నగారికి రక్తపరీక్షలో ప్రోకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) 3 ng/mL వచ్చిందన్నారు, అది సెప్సిసేనా (ఇన్ఫెక్షన్‌కి ఒంటి స్పందన అదుపు తప్పి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) అని అడిగారు. అనుమానం గట్టిదే, కానీ ఆ ఒక్క అంకెతో తేలదు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో ఇది 2–4 గంటల్లోనే పెరగడం మొదలవుతుంది, వైరల్ జ్వరాల్లో మామూలుగా 0.5 లోపే ఉంటుంది; సీఆర్పీ అనే ఇంకో రక్తపరీక్ష అయితే ఏ ఇన్‌ఫ్లమేషన్‌కైనా (ఒంట్లో వాపు, మంట) పెరుగుతుంది, పైగా నెమ్మది. కాకపోతే మన రాయగడ, కోరాపుట్ వైపు ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఉంది కదా, అది ముదిరినా ప్రోకాల్సిటోనిన్ బాగా పెరుగుతుంది, కాబట్టి మలేరియా పరీక్ష చేశారా అని ముందు అడగండి. కిడ్నీ జబ్బున్నా ప్రోకాల్సిటోనిన్ పెరిగి ఉండొచ్చు. బీపీ, ఊపిరి, మూత్రం, స్పృహ, రక్తంలో లాక్టేట్ (అవయవాలకి ఆక్సిజన్ చాలకపోతే పెరిగేది) అన్నీ చూసే సెప్సిస్ అని తేలుస్తారు. అనుమానం బలంగా ఉంటే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) రక్తం తీసి యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టాలి, ప్రోకాల్సిటోనిన్ రిపోర్టు కోసం ఆగకూడదు. నన్నడిగితే దీని అసలు ఉపయోగం తర్వాతే: మందు పనిచేస్తుంటే రోజుకి దాదాపు సగం తగ్గుతుంది, దాన్నిబట్టి యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపొచ్చో డాక్టరు చూసుకుంటారు.