కూనూరు వెళ్తున్న హారికకి

చిట్టితల్లీ హారికా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నాన్నా, దానికి కూనూరులో వేశారట, నీలగిరి కొండ రైల్లో బోగీ బ్రేకులు వేసే బ్రేక్స్‌మన్ పని అట, నీలాగే" అంది. సంతోషం అని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, తర్వాత నిద్ర పట్టలేదు. మీ అమ్మమ్మ బతికుంటే తెల్లారేసరికి వీధంతా చెప్పి వచ్చేది. నేను లేచి మంచినీళ్ళు తాగి, పాత ట్రంకుపెట్టె తెరుచుకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు రేణిగుంట నుంచి వెళ్ళి నేనెక్కిన బోగీ మెట్టే ఇప్పుడు నువ్వు ఎక్కబోతున్నావు. గర్వం ఎంతుందో బెంగ కూడా అంతే ఉంది. రెండూ కలిపే రాస్తున్నా, ఏరుకోవడం నీ పని.

కాగితాలన్నీ రెండేసి జిరాక్సులు తీసిపెట్టుకో. తమిళం పది మాటలైనా నేర్చుకుని వెళ్ళు. అద్దెగది చూసేటప్పుడు గోడ చేత్తో తడిమి చెమ్మ ఉందేమో చూడు. మిగతాది మీ అమ్మ చూసుకుంటుంది.

ఇక బండి సంగతి. మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. 326 మీటర్ల ఎత్తులో బయల్దేరి 2,203 మీటర్లకి చేరుతుంది. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. టూరిస్టులు రోజూ అడుగుతారు, బట్టీ పట్టేయ్. 1854లోనే రైలు వేద్దామనుకున్నారట, బండి కూనూరు చేరేసరికి 1899 అయింది, ఊటీకి 1908. పనులు సాగడం అప్పుడూ అలాగే ఉండేది.

నీకు అసలు కావలసింది కల్లార్ నుంచి కూనూరు దాకా ఉన్న ముక్క. అక్కడ 12 అడుగులకి ఒక అడుగు చొప్పున ఎక్కాలి. నున్నటి పట్టా మీద నున్నటి చక్రం అంత ఏటవాలు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకే పట్టాల మధ్య పళ్ళున్న కడ్డీలు రెండు పక్కపక్కన వేశారు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. ఇంజన్ కింది పళ్ళచక్రం వాటిని కరుచుకుంటూ పోతుంది, ఏదో ఒక పన్ను పట్టు ఎప్పుడూ ఉంటుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ పద్ధతి ఇది. మా ఇంజన్లూ అక్కడి వింటర్‌థూర్‌లో చేసినవే. నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలని తిప్పితే, వాటిలో ఒకసారి పనిచేసి వచ్చిన ఆవిరే మిగతా రెంటిలోకి పోయి పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పిండిన చెరుకుని మళ్ళీ పిండినట్టు. తర్వాత తిరుచ్చి పొన్మలై వర్క్‌షాప్‌లో కొత్తవి కట్టారు, వాటిలో కొన్నిటిలో ఆయిల్ మండిస్తారు. నాకు మాత్రం ఆ వాసన బొగ్గు వాసనంత నచ్చలేదు.

ఎక్కేటప్పుడు ఇంజన్ వెనకుండి తోస్తుంది. కప్లింగ్ ఊడినా బోగీలు ఇంజన్ మీదే వాలాలి, లోయలోకి దొర్లిపోకూడదు కదా. దాంతో డ్రైవరుకి ముందేముందో కనబడదు. అన్నిటికంటే ముందు బోగీ ప్లాట్‌ఫాం మీద జెండాలు పట్టుకుని నిలబడ్డవాడే అతని కళ్ళు. రాయి పడిందా, చెట్టు కూలిందా, కల్లార్ దగ్గర ఏనుగులు దిగాయా, చూడాల్సింది నువ్వే. సెల్ఫీ తీయమని అడిగేవాళ్ళుంటారు. బండి హిల్‌గ్రోవ్‌లో ఆగాక తీయి, అప్పుడైనా ఫోను కోతి చేతికి చిక్కకుండా.

దిగేటప్పుడే నాకు భయం. ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకి కూడా తెలీదు.

1976 నవంబరు. కూనూరు నుంచి దిగుతున్నాం. సన్నటి వాన, మంచు, పట్టాల మీద నలిగిన ఆకులు. ముందు రోజు టీకొట్లో ఎవరో, బండి అదుపు తప్పితే ఏమవుతుందో చేతులు తిప్పి మరీ చెప్పాడు. అదే బుర్రలో తిరుగుతోంది. బ్రేకు వేయమని కూత వినబడగానే హ్యాండిల్ బిగించాను. వదలమని కూత వచ్చింది, వదల్లేదు. ఇంకాస్త బిగించాను. గడగడమంటున్న చప్పుడు కాసేపటికి సర్రుమని సన్నబడింది. బండి నెమ్మదించిందనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నా. నెమ్మదించలేదు తల్లీ. నా బోగీ చక్రాలు తిరగడం మానేసి తడిపట్టా మీద ఈడ్చుకుపోతున్నాయి. కల్లార్ దాటాక గానీ తెలీలేదు. టక్, టక్, టక్, చక్రం తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ. ఒకచోట అరిగి చదునైపోయింది.

బోగీని పక్కన పెట్టేశారు. నన్ను పిలిచి అడిగితే, "బ్రేకు స్క్రూ బిగుసుకుపోయింది సార్, గ్రీజు లేదు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆ స్క్రూ చూసే ఫిట్టరు తమిళాయన, రిటైర్మెంట్‌కి రెండేళ్ళుంది. మెమో ఆయనకి పోయింది. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి, నా చేతిని హ్యాండిల్ మీద పెట్టి, దానిమీద తన చెయ్యి పెట్టి తిప్పాడు. "ఇదిగో, ఇక్కడ కరిచింది చూడు. ఇక చాలు. చప్పుడు మారితే వెంటనే కొంచెం వెనక్కి." అలా వారం రోజులు నేర్పాడు. నా నోరు పెగల్లేదు.

ఆయన రిటైరైన రోజు, దండలు వేయడం అయిపోయాక, పక్కకి పిలిచి చెప్పాను. నవ్వాడు. "ఆ రోజే తెలుసు. నీ చొక్కా చెయ్యి మోచేతి దాకా కొత్త గ్రీజు. ఎండిపోయిన స్క్రూ నుంచి వచ్చిందా అది?" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదన్నా. "నీ ఉద్యోగం పోతే రేణిగుంట టిక్కెట్టుకి డబ్బులు నన్నే అడిగేవాడివి" అన్నాడు.

ఆ మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు.

కాబట్టి నీకు భయం వేసినప్పుడు హ్యాండిల్ మీద కాదు, ప్లాట్‌ఫాం కమ్మీ మీద బిగించు నీ బలమంతా. బోగీకి చక్రాల బ్రేకు వేరు, పళ్ళచక్రం బ్రేకు వేరు. కళ్ళు మూసుకున్నా ఏది ఏదో చేతికి తెలిసేదాకా ఆగిన బండిలో సాధన చెయ్. ముందురోజు నిద్ర లేకపోతే ఆ మాట పైవాళ్ళకి చెప్పు, తిట్టినా పర్లేదు. తప్పు చేస్తే ఆ పూటే ఒప్పేసుకో. నాలాగా రెండేళ్ళు మోయకు, అన్నం సహించదు.

మీ అమ్మ ఉన్ని చేతితొడుగులు కొందట. పడుకునేటప్పుడు వేసుకో, డ్యూటీలో వద్దు. తొడుగు వేసుకుంటే ఆ కరిచే చోటు చేతికి తెలియదు. కొన్నావెందుకని మీ అమ్మని అడక్కు, ఆవిడ బెంగ ఆవిడది.

మంచులో హ్యాండిల్ తడిసి చెయ్యి జారుతుంది, దగ్గర ఎప్పుడూ పొడిగుడ్డ ఉండాలి. ఆ చొక్కా ట్రంకుపెట్టెలోనే ఉంది. చెయ్యి కత్తిరించి నీకు పంపుతున్నా. మరక లేని వైపుతో తుడుచుకో.

మీ తాతయ్య